చక్రమునకు నేలపట్టు



ఈ పూట నేను మోటారు టైర్లను గూర్చియు, వానికి చుట్టు ఇనుప గొలుసులను గూర్చియు కొంత చెప్పదలచితిని. ఈ గొలుసులు హిమము కురియు దేశములలో పుట్టినవి. "మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో హిమ మెక్కడిది? ఈ మాటలతో మనకేమి పని?" అని మీలో కొందరికి తోచవచ్చును. మనము మంచు అని పిలుచునది పుష్యమాసమున పత్తిచేల మీద పరచుకొను పొగమంచు. నేను చెప్పబోవు హిమము అది కాదు. అది పిండివలె తెల్లగా రాలి, మోకాలిలోతు పేరుకొని, రాత్రి గడ్డకట్టి గాజువలె నగును. ఐనను ఆ హిమము చలికాలమున చక్రమునకు చేయు కీడును, మన నల్లరేగడి వానకాలమున చేయు కీడును చాలవరకు ఒక్క జాతివే. ఒకదాని మందు తెలిసినవానికి రెండవదాని మందు సగము తెలిసినట్లే.

నే నప్పటి కరీంనగరు జిల్లాలో, 2016 మొదలు వేరు జిల్లాయైన జగిత్యాలకు దగ్గరి పల్లెలో పుట్టితిని. పద్దెనిమిది యేండ్లు సైన్యములో లారీ తోలితిని. అందు రెండు చలికాలములు కాశ్మీరమునుండి లదాకునకు పోవు త్రోవలో గడచినవి. ఆ త్రోవలోని జోజిలా కనుమ సముద్రమునకు సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. హిమము ముదిరినప్పుడు త్రోవయే మూతపడును. గొలుసులు చుట్టుట నేను నేర్చినది అచ్చట. కొలువు చాలించి వచ్చి, ఉట్నూరు ప్రాంతమున జీపు తోలుచు బ్రతికితిని.

అచ్చట నొక గూడెమువారు పత్తి అమ్మిన సొమ్ములో ఇంటికింత వేసికొని, నాలుగు చక్రములకును ఇంజను బలము పోవు పాత జీపు నొకదానిని కొనిరి. ఆ గూడెమునుండి తారురోడ్డునకు రెండు కోసుల రేగడిబాట. నడుమ రెండు ఒర్రెలు. వానకాలమున జ్వరము వచ్చినను, పురిటినొప్పులు వచ్చినను మంచము మీద మోసికొని పోవలసినదే. ఆ కష్టము తీరుటకే వారు జీపు కొనిరి. బేరమునాడు గూడెము పటేలు నన్ను పిలిచి, "తమ్ముడా, నీవు మంచుకొండలలో బండి తోలినవాడవు. ఈ టైర్లు మన బాటకు చాలునా, చూడుము" అని యడిగెను. టైర్లు కొత్తవి, నిగనిగలాడుచున్నవి. నేను వంగి చూడనైన చూడక, "నాలుగు చక్రములును లాగు బండికి టైర్ల చింత యేల పటేలా?" అంటిని.

ఆ మాట తప్పు. ఆ శ్రావణమాసముననే ఒకనాటి రాత్రి తొలిచూలు పడుచునకు నొప్పులు వచ్చినవి. జీపు నేనే తోలితిని. మొదటి ఒర్రె దాటితిమి. రెండవ ఒర్రె గట్టెక్కుచోట చక్రములు దిగబడినవి. నాలుగును తిరుగుచున్నవి, బండి మాత్రము కదలదు. త్రిప్పినకొలది లోతునకు పోయెను. ఒక జాము పెనుగులాడి, తుదకు మంచము మీదనే ఆమెను మోసికొని పోయితిమి. ఆస్పత్రి చేరునప్పటికి తెల్లవారెను. తల్లి దక్కెను, బిడ్డ దక్కలేదు. ముందు వచ్చియున్నచో దక్కెడిదని వైద్యు లనలేదు, దక్కకపోయెడిదనియు ననలేదు. గూడెములో నన్నెవరును ఒక్క మాట యనలేదు. కొన్నాళ్లకు పటేలు మాత్రము నిదానముగా, "నాలుగు చక్రములును తిరిగినవి గదా, బండి ఏల కదలలేదు?" అని యడిగెను. ఆయనకు నేను చెప్పిన సమాధానమునే ఇప్పుడు మీకును చెప్పుచున్నాను.

మొదట నాలుగు చక్రముల బలమనగా నేమో తెలియవలెను. మామూలు బండిలో ఇంజను రెండు చక్రములనే త్రిప్పును. తక్కిన రెండు ఊరక దొర్లును. ఈ జీపులో నాలుగును త్రిప్పును. రెండెడ్లకు బదులు నాలుగెడ్లు కట్టినట్లన్నమాట. కాని ఎద్దు బలము మెడలో నున్నను, పట్టు గిట్టలో నున్నది. పాచిపట్టిన బండమీద నాలుగెడ్లను కట్టినను గిట్టలు జారినచో బండి కదలదు. జీపునకు గిట్టలు టైర్లు. నాలుగు టైర్లును కలిపి నేలతాకు చోటు నాలుగు అరచేతులకంటె అట్టే హెచ్చు కాదు. ఇంజను ఎంత బలమైనదైనను ఆ నాలుగు అరచేతుల పట్టునకు మించి లాగజాలదు.

ఇంకొక చిక్కు గలదు. బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెను. అందులకై ఇరుసు నడుమ డిఫరెన్షియలు అను పండ్లచక్రముల పెట్టె నమర్చిరి. తారురోడ్డుమీద అది మేలే. బురదలో నదియే కీడగును. ఒక చక్రము జారి సులభముగా తిరుగసాగినచో, ఆ పెట్టె పట్టున్న చక్రమును విడిచి జారుచున్న చక్రమునే త్రిప్పును. ముందొకటి, వెనుకొకటి జారినచో నాలుగు చక్రముల బండియు నిలిచిపోవును. కొన్ని బండ్లలో దీనికి తాళమువంటి సాధన ముండును. కొనునప్పుడు అడిగి తెలిసికొనుడు.

మరియొక భ్రమను గూడ విడువవలెను. బండిని కదలించుటకే నాలుగు చక్రముల బలము, ఆపుటకు గాదు. బ్రేకులు అన్ని కార్లకును నాలుగు చక్రములకే యుండును. హిమముమీద ఇట్టి బండి తక్కినవానికంటె ముందు కదలి వేగ మందుకొనును. ఆగవలసి వచ్చినప్పుడు తక్కినవానివలెనే జారును. లోయలో పడిన బండ్లలో ఈ ధైర్యముచేత పడినవి కొన్నిటిని నేను కన్నులార చూచితిని.

ఇక నేలను గూర్చి. కరీంనగరు సీమలో చాలభాగము ఎర్రచెల్క, ఇసుక పాలెక్కువ. వాన వెలిసిన పూటకే నీరు దిగి కాలు నిలుచును. ఆదిలాబాదు పడమటి, ఉత్తర భాగములలో దక్కనుబండ యనబడు నల్లరాయి అరిగి రేగడి యైనది. ఈ మట్టి నీరు పీల్చి ఉబ్బును, ఎండి పగులును. వేసవిలో చేయిదూరు నెర్రెలు విచ్చు నేలయే వానకాలమున జిగురగును. కాలిచెప్పునకు అంటుకొని అడుగడుగునకు బరువగుట మనమందరము ఎరుగుదుము. టైరునకును అట్లే యగును. టైరు గాళ్లలో రేగడి నిండినచో టైరునకు గాళ్లు లేనట్లే. అప్పుడది నూనె రాచిన రోకలి. ఆ రాత్రి మా జీపున కైనదిదియే. అవి తారురోడ్డు టైర్లు. వాని గాళ్లు సన్ననివి, నిలువుగా నున్నవి, కొత్తవి. ఒక్క చుట్టునకే పూడిపోయినవి.

కావున టైరు కొనునప్పుడు నిగనిగను గాక గాళ్లను చూడవలెను. మూడు తెగలని గుర్తుంచుకొనుడు. తారురోడ్డు టైరు మొదటిది. దాని గాళ్లు సన్ననివి. లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. రోడ్డుమీది వాననీటిని ప్రక్కకు తోయుటకే అవి యేర్పడినవి. బురద టైరు రెండవది. దాని దిమ్మెలు పెద్దవి, ఎడమెడముగా నుండును. లోతు 12 మొదలు 15 మిల్లీమీటర్ల దాక నుండును. చక్రము తిరుగునప్పుడు ఆ ఎడములనుండి మట్టి విసరివేయబడును. గాళ్లు తమంతట శుభ్రమగును. మీ ట్రాక్టరు పెద్దచక్రమును చూడుడు, అదే యుపాయము. రెంటికి నడిమిది మూడవది. అన్ని నేలల టైరని అంగళ్లలో చెప్పుదురు. బురద టైరు తారుమీద రొద చేయును, త్వరగా అరుగును, తడిసిన తారుమీద పట్టు తగ్గును. కావున అది అందరికిని తగదు. కొన్ని టైర్ల ప్రక్కన బాణపుగుర్తుండును. ఆ దిక్కుననే తిరుగునట్లు బిగింపవలెను. త్రిప్పి బిగించినచో మట్టిని వెలికి త్రోయు గుణము తగ్గును.

హిమపు టైరు నడక వేరు. రేగడి గాళ్లలో నిండుట కీడని చెప్పితిని. హిమము నిండుట మేలు. పిల్లలు హిమమును ముద్దచేసి ముద్దకు ముద్ద అంటించి బొమ్మలు చేయుదురు; హిమమునకు హిమము అంటుకొను గుణము గలదు. గాళ్లలో నొత్తుకొన్న హిమము నేలమీది హిమమును పట్టును. అందుచే ఆ టైర్లకు వెడల్పు గాళ్లతోబాటు, దిమ్మె దిమ్మెకును కత్తితో గీచినట్లు వందలకొలది సన్నని చీలికలుండును. ఆ చీలికల అంచులే గడ్డహిమమును గోకిపట్టును.

రబ్బరు విషయమొకటి చెప్పవలెను. పచ్చిరబ్బరు ఎండకు జిగురగును, చలికి పెళుసగును. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్ ఇయరు దానిని గంధకముతో కాచి గట్టిపరచు మార్గము కనుగొనెను. గాలినింపిన చక్రమునకు 1845లో రాబర్టు థామ్సను పేటెంటు పొందినను అది నిలువలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ డన్లపు దానిని మరల కనిపెట్టి వాడుకకు తెచ్చెను. నాటినుండి రబ్బరు పాకము మారుచునే యున్నది గాని, ఆ మూలగుణము పూర్తిగా పోలేదు. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల చలికి దిగువను బిరుసెక్కి పట్టు విడుచును. హిమపు టైరు రబ్బరు ఆ చలిలోను మెత్తగా నుండునట్లు చేయబడినది. మూడు శిఖరముల కొండయు, దాని నడుమ హిమకణమును గల ముద్ర యున్నది నిజముగా పరీక్షింపబడిన హిమపు టైరు. ఎం+ఎస్ అను అక్షరములు మాత్రమే యున్నచో గాళ్లు వెడల్పైనవని తయారుచేసినవారు చెప్పుకొన్న మాటయే. అంతకు మించిన హామీ కాదు.

ఇందుండి మనకొక హెచ్చరిక. చలిదేశములలో వాడి తీసివేసిన హిమపు టైర్లు ఎచ్చటనైన చౌకగా దొరికినచో, గాళ్లు బాగున్నవని కొనకుడు. రామగుండములోను, ఆదిలాబాదులోను వేసవి యెండ 45 డిగ్రీలు తాకును. ఆ తారుమీద మెత్తని రబ్బరు కొవ్వొత్తివలె అరుగును.

వెడల్పు టైరు మంచిదా, సన్నటైరు మంచిదా యని పలువురు అడుగుదురు. సమాధానము నేల అడుగున నున్నది. మన పూర్వపు కచ్చురపు చక్రము ఎత్తైనది. ఇనుప పట్టా సన్ననిది. అది పైబురదను కోసికొని అడుగునున్న గట్టినేలను పట్టుకొనెడిది. జానెడు బురద, దానిక్రింద మొరము గల బాటలో నేటికిని సన్నటైరే మేలు. రోడ్డుమీద కొద్దిపాటి హిమము పడినప్పుడును అంతే. అడుగు అందని రేగడిలోను, గోదావరి ఇసుకలోను సన్నటైరు గునపమువలె దిగును; అచ్చట వెడల్పు టైరు పడవవలె తేలును. గూడెపు బాటను ఎండకాలమున గడ్డపారతో త్రవ్వి, గట్టినేల ఎంతలోతున నున్నదో చూచి, ఆ పిమ్మట టైరు వెడల్పు నిశ్చయింపుడు. ఎత్తును గూడ మరువరాదు. గాడి లోతై, నడుమ మిట్ట మిగిలినచో జీపు పొట్ట ఆ మిట్టమీద నానుకొని చక్రములు గాలిలో తిరుగును. అట్లని బండికి నిర్ణయించిన కొలతకు మించిన ఎత్తు టైర్లు వేయరాదు. మలుపులలో రాచుకొనును, ఇరుసులకు భారమగును.

గాలి తగ్గించుటను మన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి బండ్లు తోలిన పిల్లలు చక్కగా నెరుగుదురు. ఎడారి ఇసుకలో దిగుటకు ముందు వారు టైరులోని గాలిని సగమునకు దించుదురు. గాలి తగ్గిన టైరు పొడవుగా పరచుకొని నేలను హెచ్చుగా తాకును. రోడ్డుమీద 30 పౌండ్ల గాలి పట్టు టైరును మెత్తని ఇసుకలో 15 మొదలు 18 వరకును, రేగడిలో 20 ప్రాంతమునకును దింపవచ్చును. కాని మూడు నియమములు. గాలి తగ్గినప్పుడు మెల్లగా పోవలెను. మలుపులు గట్టిగా త్రిప్పరాదు. టైరు అంచు ఊడివచ్చును. తారురోడ్డు చేరినతోడనే మరల గాలి నింపవలెను. లేనిచో ప్రక్కలు కాగి పగులును. కావున బండిలో గాలి కొట్టు పంపును, గాలి కొలుచు సాధనమును లేకయే గాలి తీయుట తెలివి గాదు.

టైరు ప్రక్కనుండు అంకెలను చదువుట గూడ నేర్చుకొనుడు. 215/75 ఆర్ 15 అని యున్నచో, టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు. ప్రక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 పాళ్లు. అది రేడియలు జాతి. లోపలి ఇనుపచక్రము అడ్డుకొలత 15 అంగుళములు. వేరొకచోట నాలుగంకెలు అచ్చై యుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైన టైరని యర్థము. గాళ్లెంత లోతుగా నున్నను, ఏండ్ల తరబడి అంగడిలో పడియున్న టైరు రబ్బరు చచ్చియుండును. ఐదారేండ్లు దాటినదానిని తెలిసినవానికి చూపుడు. పదేండ్లు దాటినదానిని ముట్టకుడు. గాళ్ల నడుమ చిన్న అడ్డుగట్లుండును. రబ్బరు అరిగి వానితో సమమైనచో లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని యర్థము. టైరు ఆయువు తీరినది. బురదలోనైనచో దానికి చాలముందే తీరును.

నాలుగు టైర్లును ఒక్క కొలతవి, ఒక్క తెగవి, ఇంచుమించు ఒక్కపాటి అరుగుదల గలవి యుండవలెను. ముందు రెండు కొత్తవి, వెనుక రెండు అరిగినవి యైనచో చుట్టుకొలత మారి, నాలుగు చక్రముల పళ్లెము వేసినప్పుడు లోపలి పండ్లచక్రములు ఒకదానితో నొకటి పెనుగులాడును. ఈ కారణముచేతనే పాతరకపు జీపులలో ఎండిన తారురోడ్డుమీద నాలుగు చక్రముల పళ్లెము వేయరాదు.

ఇప్పుడు గొలుసుల మాట. 1904లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమువాడైన హారీ వీడు వీనికి పేటెంటు పొందెను. బురదలోను హిమములోను దిగబడినవారు చక్రములకు త్రాళ్లు, తీగెలు చుట్టుట చూచి ఆయన ఇనుముతో ఆ పని చేయించెను. మనమును బండిచక్రమునకు మోకు చుట్టి గట్టెక్కించినవారమే. ఆలోచన మనకు కొత్తది కాదు. వరిమడిని కలియదున్నుటకు ట్రాక్టరునకు తగిలించు కేజివీల్సు గూడ ఈ వంశమువే. అవి మడిలో ఎంత మేలో, తారురోడ్డుమీద అంత చేటు. గొలుసులును అంతే. గట్టిరోడ్డుమీద తోలినచో రోడ్డును, టైరును, తామును చెడును.

గొలుసులలో రెండు రకములు ముఖ్యమైనవి. నిచ్చెనమెట్లవలె అడ్డగొలుసులు గలది యొకటి. ఇది చౌక, మోటు. ముందుకు లాగుటలో గట్టిది. కాని మెట్టుకు మెట్టుకు నడుమ బోసిచోటుండుటచే ప్రక్కకు జారుట నంతగా ఆపదు. వలవలె అల్లినది రెండవది. అందు ఎప్పుడును ఏదో యొక గొలుసు నేలను తాకుచుండును, ప్రక్కజారుడును ఆపును, వెల హెచ్చు. రేగడిలో అడ్డగొలుసులది చాలును. చక్రము తిరుగునప్పుడు అవి కదలుచు మట్టిని రాల్చును. కొండమలుపులలో హిమముమీద పోవలసినవానికి వలగొలుసే మేలు.

కొనునప్పుడు టైరు ప్రక్కనున్న కొలత చెప్పి, దానికి సరిపోవు గొలుసే తీసికొనవలెను. వదులైనది ఎగిరి బ్రేకు గొట్టములను కొట్టును. టైరునకును, బురదరేకునకును, బ్రేకు గొట్టమునకును నడుమ గొలుసు తిరుగుటకు చోటున్నదో లేదో వ్రేళ్లు దూర్చి చూడుడు. కొన్ని కొత్త బండ్లలో చోటుండదు. వాని పుస్తకముననే గొలుసులు వేయరాదని వ్రాసియుండును.

నాలుగు చక్రముల బండికి నాలుగింటికిని వేయుట ఉత్తమము. రెండే యున్నచో బండి పుస్తకమున చెప్పిన ఇరుసునకే వేయవలెను. ముందు మాత్రమే వేసినచో దిగుడులో వెనుకభాగము జారి బండి అడ్డము తిరుగవచ్చును. వెనుక మాత్రమే వేసినచో బండి ముందుకు పోవును గాని స్టీరింగు మాట వినకపోవచ్చును. ఏది వేసితిమో తెలిసి, దాని లోపమునకు తగినట్లు మెల్లగా తోలుట డ్రైవరు ధర్మము.

తొడుగు విధము చెప్పెదను. బురదలో దిగకముందే, గట్టిచోట బండి నాపి, చేతిబ్రేకు వేసి, గొలుసును చిక్కు లేకుండ పరచుడు. కొక్కెముల మొనలు వెలుపలికుండవలెను. లోపలికున్నచో టైరును గుచ్చును. టైరుమీద కప్పి, అరచుట్టు ముందుకు తోలి, మొదట లోపలి కొక్కెమును, పిదప వెలుపలి కొక్కెమును బిగింపుడు. నూరు గజములు పోయి ఆగి మరల బిగింపవలెను; మొదటి బిగింపు ఎప్పుడును వదులగును. గొలుసుతో గంటకు 40 కిలోమీటర్లు మించకుడు. తయారుచేసినవారు ఇంకను తక్కువ చెప్పినచో అదియే హద్దు. లింకు తెగిన చప్పుడైనచో వెంటనే ఆగవలెను. పని తీరినపిమ్మట కడిగి, ఎండబెట్టి, నూనె రాచి సంచిలో వేయుడు. తుప్పుపట్టిన గొలుసు అవసరమునాడే తెగును.

మీలో కొందరి పిల్లలు అమెరికాలో నున్నారు. వారి కార్లు నాలుగు చక్రములును లాగునవే కావచ్చును. కాలిఫోర్నియా కొండదారులలో హిమము కురిసినప్పుడు గొలుసులు వేయుడని పలకలు పెట్టుదురు. అందొక మెట్టున, నాలుగింటికిని హిమపు గాళ్ల టైర్లున్న నాలుగు చక్రముల బండిని గొలుసులు వేయకయే పోనిత్తురు. ఐనను గొలుసులు బండిలో నుండితీరవలెను. హిమ మింకను ముదిరినచో అట్టి బండియు గొలుసులు వేయక కదలరాదు. ఫోనులో కుశలము అడుగునప్పుడు, టైర్లను గూర్చియు ఒక మాట అడుగుడు.

మన గూడెములకు నేను చెప్పు తీర్పిది. ఏడాదిలో పది నెలలు తారుమీదను, రెండు నెలలు రేగడిలోను పోవు బండికి అన్ని నేలల టైర్లు నాలుగు వేసి, నాలుగు చక్రముల గొలుసులను సంచిలో నుంచుట మేలు. తారు ఎరుగని బాటలో తిరుగు బండికి బురద టైర్లు. సొమ్ము చాలనిచో బండి రంగుకును, దీపములకును పెట్టక ముందు టైర్లకు పెట్టుడు. బండిలో పార, రెండు పలకలు, గోనెసంచులు, పొడుగుపాటి త్రాడు ఉంచుడు. చక్రము ఒక్కసారి జారినతోడనే ఇంజనును రేపకుడు; దిగి, చక్రము ముందర మట్టిని తీసి, పత్తికట్టెయో గోనెయో వేసి, మెల్లగా లాగుడు. ఆ రాత్రి నేను చేసిన రెండవ తప్పు జారుచున్న చక్రమును ఇంకను త్రిప్పుట.

ఏ టైరును, ఏ గొలుసును పారుచున్న వాగును జయింపజాలదు. ఒక అడుగు ప్రవాహము చిన్నకారును తేల్చును. రెండడుగులది జీపువంటివానిని గూడ కొట్టుకొనిపోవును. నీరు తగ్గువరకు ఒడ్డున నిలుచుటయే మేలు. నెల నిండిన గర్భిణిని వాగులు పొంగకముందే రోడ్డు ప్రక్కనున్న ఊరికి చేర్చుట అంతకంటెను మేలు.

ఆ గూడెమువారు మరుసటి సంవత్సరము పత్తిసొమ్ముతో టైర్లు మార్చి, గొలుసులు తెచ్చిరి. పటేలు ఏటేట మృగశిర ప్రవేశించకముందే పడుచువాండ్రను పిలిచి, ఎండిన నేలమీద గొలుసు తొడుగుటయు తీయుటయు చేయించును. కన్నులు మూసికొని తొడుగగలవానికే ఆ వానకాలము బండి తాళములు. నన్నును ఒకసారి పరీక్షించెను. రెండవ చక్రము దగ్గర నా చేయి తడబడెను. ఆయన ఏమియు ననక, గొలుసు విప్పించి, మరల మొదటినుండి చేయించెను.